రెండో డిస్క్‌లో లినక్స్: బూట్‌లోడర్‌ను సరైన చోట పెట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మా కడపలో ఇళ్లల్లో, నెట్ సెంటర్లలో, ట్యూషన్ సెంటర్లలో ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లున్న డెస్క్‌టాప్‌లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. విండోస్ 11 ఏమో అధికారికంగా ఎనిమిదో తరం నుంచే, పైగా టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) కూడా అడుగుతుంది. అందుకే ఈ మధ్య కుర్రాళ్లు కనపడితే అడిగేది ఒకటే: "అన్నా, పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ అట్లే పెట్టుకుని, కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని దాంట్లో లినక్స్ వేసుకోవచ్చా?"

నిక్షేపంగా వేసుకోవచ్చు. విండోస్‌ను పూర్తిగా తీసేయమని నేను ఎవరికీ చెప్పను. వేలిముద్ర మిషన్ల డ్రైవర్లు, ట్యాలీ, కాలేజీలో చెప్పే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాంట్లోనే నడుస్తాయి. రెండు డిస్క్‌లు, రెండు సిస్టమ్‌లు అనేది చాలా మంచి ఏర్పాటు. కాకపోతే లినక్స్ ఇన్‌స్టాల్ చేయడం ఎంత సులువో బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) దగ్గర తికమక పడటం అంత సులువు. ఇన్‌స్టాల్ అంతా బాగానే అయిపోతుంది, రీస్టార్ట్ చేస్తే నేరుగా విండోసే వస్తుంది. లేదంటే ఆరు నెలల తర్వాత ఎస్‌ఎస్‌డీ తీసి ఇంకో సిస్టమ్‌కి పెడతారు, ఆ దెబ్బతో ఇక్కడ విండోస్ కూడా లేవదు, నల్ల స్క్రీన్ మీద గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్ పేరు ఇదే) అని ఒక ముక్క మాత్రం కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

దీనికంతటికీ ఒకటే నియమం పెట్టుకోండి: ఏ సిస్టమ్ ఏ డిస్క్‌లో ఉందో దాని బూట్‌లోడర్ కూడా ఆ డిస్క్‌లోనే ఉండాలి. రెండిట్లో ఏది ఊడబీకినా రెండోది తన పాటికి తాను లేవాలి. కింద చెప్పేదంతా ఈ నియమాన్ని నిలబెట్టడానికే.

ఒక మాట ముందే చెప్తాను. కమాండ్‌లు, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాను.

అసలు బూట్ అయ్యేటప్పుడు లోపల ఏం జరుగుతుంది

ఇది చదవకుండా కిందికి పోవద్దు. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించగలుగుతారు.

మనం అలవాటుగా బయోస్ అంటాం కానీ, విండోస్ 8 వచ్చిన 2012 నుంచి అమ్మిన సిస్టమ్‌లలో దాదాపు అన్నిట్లో ఉండేది యూఈఎఫ్ఐ. పవర్ బటన్ నొక్కగానే ఈ యూఈఎఫ్ఐ తన సొంత మెమరీలో ఉన్న ఒక జాబితా చూసుకుంటుంది. "విండోస్ బూట్ మేనేజర్ ఫలానా డిస్క్‌లో, ఫలానా పార్టిషన్‌లో, ఫలానా ఫైల్" అన్నట్టు ఉంటుంది ఆ జాబితాలోని ఒక్కో ఎంట్రీ. పైనున్న ఎంట్రీతో మొదలుపెట్టి, అది దొరక్కపోతే తర్వాతిదానికి పోతుంది.

ఆ ఫైళ్లు ఉండేది ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌లో. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటుంది. విండోస్ దాన్ని మామూలుగా 100 ఎంబీ సైజులో తయారుచేస్తుంది. దాని లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, అందులో మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డర్, దాని లోపల బూట్, అందులో బూట్‌ఎంజీఎఫ్‌డబ్ల్యూ.ఈఎఫ్ఐ అనే ఫైలు. విండోస్‌ను లేపేది అదే. ఉబుంటు (మింట్, ఫెడోరా లాగే ఇదీ ఒక రకం లినక్స్) వేస్తే పక్కనే ఉబుంటు అనే ఫోల్డర్ వస్తుంది, అందులో షిమ్‌ఎక్స్64.ఈఎఫ్ఐ, గ్రబ్‌ఎక్స్64.ఈఎఫ్ఐ, ఇంకా గ్రబ్.సీఎఫ్‌జీ అనే రెండు మూడు లైన్ల చిన్న ఫైలు ఉంటాయి. ఫర్మ్‌వేర్ (అంటే ఆ యూఈఎఫ్ఐ) షిమ్‌ను లేపుతుంది, షిమ్ గ్రబ్‌ను లేపుతుంది, గ్రబ్ ఆ చిన్న ఫైలు చూసి "ఫలానా యూయూఐడీ (ఒక్కో పార్టిషన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తు) ఉన్న పార్టిషన్‌కి పో, అసలు మెనూ అక్కడుంది" అని తెలుసుకుంటుంది. అసలు మెనూ, కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అన్నీ లినక్స్ పార్టిషన్‌లో ఉంటాయి.

ఇప్పుడు చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. ఉబుంటు, మింట్ ఇన్‌స్టాలర్లలో "బూట్‌లోడర్ ఏ డిస్క్‌లో పెట్టాలి" అని ఒక డబ్బా కనిపిస్తుంది. అందులో మీరు రెండో డిస్క్‌నే ఎంచుకున్నా, మొదటి డిస్క్‌లో అప్పటికే ఈఎస్‌పీ ఉంటే యూఈఎఫ్ఐ పద్ధతిలో పాత ఇన్‌స్టాలర్ పోయి దాంట్లోనే గ్రబ్ ఫైళ్లు పెట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న బగ్ ఇది. అంటే లినక్స్ రెండో డిస్క్‌లో, దాన్ని లేపే ఫైలు మొదటి డిస్క్‌లో. ఎస్‌ఎస్‌డీ తీసేస్తే గ్రబ్ లేస్తుంది కానీ తన మెనూ కోసం వెతికి దొరక్క గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ పాడైతే లినక్స్‌కి ఏమీ కాకపోయినా లేపే దిక్కుండదు. పాత హార్డ్ డిస్క్‌లే కదా ముందు పోయేవి, అందుకే ఇది ఊరికే వదిలేసే విషయం కాదు.

ఇంకోటి. మింట్ కూడా ఈఎస్‌పీలో ఉబుంటు అనే ఫోల్డర్‌నే వాడుతుంది. ఒకే ఈఎస్‌పీలో ఉబుంటు, మింట్ రెండూ వేస్తే తర్వాత వచ్చింది ముందుదాని ఫైళ్ల మీద రాసేస్తుంది. ఎవరి ఈఎస్‌పీ వాళ్లకుంటే ఈ గొడవే రాదు.

మొదలుపెట్టే ముందు విండోస్‌లో చేయాల్సినవి

ముఖ్యమైన ఫైళ్లన్నీ బయట ఇంకో డిస్క్‌లో కాపీ పెట్టుకోండి. ఇది లాంఛనంగా చెప్పే మాట కాదు, పార్టిషన్లు ముట్టుకునే ప్రతి పనిలో డేటా పోయే అవకాశం ఉంటుంది.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. వచ్చిన పేజీలో "బయోస్ మోడ్" అనే లైన్ చూడండి. అక్కడ యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ (పాత బయోస్ పద్ధతి) అని ఉందా? మీ లినక్స్ కూడా అదే మోడ్‌లో వేయాలి. ఒకటి లెగసీలో, ఇంకోటి యూఈఎఫ్ఐలో వేస్తే గ్రబ్ మెనూలోంచి విండోస్ లేవదు, ప్రతిసారీ బయోస్‌లోకి పోయి మార్చుకోవాలి.

బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం) ఆన్‌లో ఉందేమో తప్పకుండా చూడండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. బూట్ ఆర్డర్ మార్చినా, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) తీసినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో లేకపోతే విండోస్ డేటా మొత్తం పోయినట్టే. కీ కాగితం మీద రాసుకోండి, తర్వాత బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి.

ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" కొడితే సరిపోతుంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం విండోస్ షట్ డౌన్ అంటే నిజమైన షట్ డౌన్ కాదు, సగం నిద్రలో ఉంటుంది, లినక్స్‌లోంచి ఆ డ్రైవ్‌లు తెరిస్తే చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదు.

ఇక బయోస్‌లో సాటా మోడ్ లేదా స్టోరేజ్ మోడ్ అనే చోట రైడ్ గానీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ గానీ ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్క్‌లు కనపడకపోవచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ ఉన్నపళంగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది, కాబట్టి ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక మళ్లీ మామూలుకు తేవాలి.

చివరగా కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పార్టిషన్ సైజు మార్చేటప్పుడు పవర్ పోతే ఫైల్ సిస్టమ్ సగంలో ఆగిపోతుంది. యూపీఎస్ ఉంటేనే డెస్క్‌టాప్‌లో ఈ పని పెట్టుకోండి, ల్యాప్‌టాప్ అయితే ఫుల్ చార్జింగ్ పెట్టుకోండి.

మొదటి డిస్క్‌ను పీకేసి ఇన్‌స్టాల్ చేయడం

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు దీన్ని మించిన పద్ధతి లేదు. ఇన్‌స్టాలర్‌కి కనపడని డిస్క్‌లో అది ఏమీ రాయలేదు కదా.

ప్లగ్ తీసేయండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని మిగిలిన చార్జ్ పోనివ్వండి, ఎడమ వైపు ప్యానెల్ తీయండి. హార్డ్ డిస్క్‌కి రెండు తీగలు ఉంటాయి. వెడల్పుగా ఐదు రంగురంగుల వైర్లతో వచ్చేది పవర్, పల్చగా బద్దలా ఉండేది డేటా కేబుల్. డేటా కేబుల్ చివర ఇనుప క్లిప్ ఉంటే దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకునే లాగాలి. నొక్కకుండా గుంజితే డిస్క్ మీదున్న ఎల్ ఆకారపు ప్లాస్టిక్ నాలుక విరిగిపోతుంది, అది విరిగితే డిస్క్ బాగానే ఉన్నా పనికిరాదు. విండోస్ ఉన్న డిస్క్‌కి ఆ డేటా కేబుల్ ఒక్కటి తీస్తే చాలు. అది ఏ పోర్టులో ఉండేదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మళ్లీ అదే పోర్టులో పెడితే మంచిది. ఎటూ మూత తీశారు కాబట్టి బ్రష్‌తో దుమ్ము కూడా దులిపేయండి, మా ఎండలకు ఫ్యాన్ చుట్టూ మందంగా పేరుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ మాత్రమే పెట్టి, లినక్స్ ఇన్‌స్టాలర్ రాసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. బూట్ మెనూ కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో, ఏసర్, గిగాబైట్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లో ఎఫ్11, ఆసుస్ మదర్‌బోర్డుల్లో ఎఫ్8. మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడితే యూఈఎఫ్ఐ అని ముందున్నదాన్నే ఎంచుకోండి. ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపేసి వేయి" అన్నా భయం లేదు, ఉన్నది ఒక్క కొత్త డిస్కే. ఈఎస్‌పీ దానంతట అదే ఎస్‌ఎస్‌డీలోనే తయారవుతుంది.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ అయితే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి. నా అనుభవంలో అలాంటి వాటికి అదే హాయిగా నడుస్తుంది.

ఇన్‌స్టాల్ పూర్తయి లినక్స్ ఒకసారి లేచాక షట్ డౌన్ చేసి, ప్లగ్ తీసి, విండోస్ డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్‌డీఏ (డిస్క్‌కి లినక్స్ పెట్టే పేరు) అని ఉన్న ఎస్‌ఎస్‌డీ ఇప్పుడు ఎస్‌డీబీ అయిపోవచ్చు. కంగారు పడకండి, లినక్స్ తన పార్టిషన్లను యూయూఐడీతో గుర్తుపడుతుంది కాబట్టి పేరు మారినా ఏమీ కాదు.

డిస్క్ పీకడం కుదరని ల్యాప్‌టాప్ అయితే

ట్రిపుల్ ఐటీ పిల్లల దగ్గరా, ఇంజినీరింగ్ కుర్రాళ్ల దగ్గరా ఎక్కువగా కనిపించేది ఈ రకం. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీలో విండోస్, పక్క స్లాట్‌లో సాటా డిస్క్. ముందుగా బయోస్‌లో ఒక్కో డ్రైవ్‌ను డిజేబుల్ చేసే సదుపాయం ఉందేమో చూడండి. ఉంటే విండోస్ డ్రైవ్‌ను డిజేబుల్ చేసి పైన చెప్పినట్టే చేయండి.

లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌లో (అదే ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్, ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడపడం) లేచి, జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) తెరిచి, విండోస్ డిస్క్‌లోని ఈఎస్‌పీ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్ ఫ్లాగ్స్‌లో బూట్, ఈఎస్‌పీ అనే రెండు టిక్కులు తీసేయండి. ఫైళ్లకు ఏమీ కాదు, ఇన్‌స్టాలర్ మాత్రం దాన్ని ఈఎస్‌పీగా గుర్తుపట్టదు. తర్వాత ఇన్‌స్టాలర్‌లో చేతితో పార్టిషన్ చేసే ఆప్షన్ తీసుకుని, రెండో డిస్క్‌లో 512 ఎంబీతో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, మిగతా జాగాలో ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌తో రూట్ (లినక్స్ అంతా ఉండే పార్టిషన్) పెట్టండి. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) విడిగా పార్టిషన్ అక్కర్లేదు, ఈ రోజుల్లో ఫైల్‌గానే పెట్టుకుంటుంది. బూట్‌లోడర్ డిస్క్‌గా రెండోదాన్నే చూపించండి. ఇన్‌స్టాల్ అయ్యాక, రీస్టార్ట్ చేసే ముందే, జీపార్టెడ్‌లోకి పోయి విండోస్ ఈఎస్‌పీకి ఆ రెండు ఫ్లాగులూ తిరిగి పెట్టేయండి. ఇది మరిచిపోతే విండోస్ లేవకపోవచ్చు.

బూట్ ఆర్డర్ సరిచేయడం

రెండు డిస్క్‌లూ పెట్టాక మళ్లీ విండోసే వస్తుంటే బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో ఉబుంటు అనే ఎంట్రీని పైకి తెచ్చుకోవచ్చు. లేదా లినక్స్‌లోంచే:

సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -వి

ఇది ఎంట్రీలన్నీ చూపిస్తుంది. ఒక్కోదానికీ బూట్0000, బూట్0002 అన్నట్టు నాలుగు అంకెల నంబరు, పక్కనే పార్టిషన్ గుర్తు, ఫైల్ దారి ఉంటాయి. ఉబుంటు ఎంట్రీ నంబరు 0002, విండోస్‌ది 0000 అనుకుంటే:

సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -ఓ 0002,0000

ఈ ఓ చిన్న అక్షరమే. పెద్ద ఓ కొడితే బూట్ ఆర్డర్ మొత్తం చెరిగిపోతుంది, జాగ్రత్త. ఎంట్రీ నిజంగా ఎస్‌ఎస్‌డీనే చూపిస్తోందో లేదో తేల్చుకోవడానికి "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,ఎఫ్‌ఎస్‌టైప్,యూయూఐడీ,పార్ట్‌యూయూఐడీ,మౌంట్‌పాయింట్" కొట్టండి. ఎంట్రీలో జీపీటీ అన్న మాట తర్వాత ఉండే పొడుగు గుర్తు, ఏ పార్టిషన్ పార్ట్‌యూయూఐడీతో కలిస్తే ఆ పార్టిషన్‌లో మీ బూట్‌లోడర్ ఉన్నట్టు. /బూట్/ఈఎఫ్ఐ అనేది ఏ డిస్క్ కింద మౌంట్ అయి (ఫోల్డర్‌గా తగిలించి) ఉందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

గ్రబ్ మెనూలో విండోస్ కనపడాలంటే

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్కనున్న సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం డిఫాల్ట్‌గా ఆపేశారు. దాన్ని మనమే ఆన్ చేయాలి.

సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్

ఈ ఫైల్లో పేర్లన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అందులో ఇవి ఇలా ఉండేలా చూడండి:

గ్రబ్_టైమ్‌అవుట్_స్టైల్=మెనూ
గ్రబ్_టైమ్‌అవుట్=10
గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్

సమానం గుర్తుకు కుడివైపు మాటలు చిన్న అక్షరాలే. గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. సేవ్ చేసి "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టండి. ఫెడోరా అయితే "సుడో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ -ఓ /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ". విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని ఒక లైన్ వస్తే పని అయినట్టే.

అప్పటికీ దొరక్కపోతే చేతితో రాసుకోవచ్చు. /ఈటీసీ/గ్రబ్.డి/40_కస్టమ్ ఫైల్ తెరిచి చివర్లో ఇది చేర్చండి:

మెనూఎంట్రీ "విండోస్" {
ఇన్స్‌మాడ్ పార్ట్_జీపీటీ
ఇన్స్‌మాడ్ ఫ్యాట్
సెర్చ్ --నో-ఫ్లాపీ --ఎఫ్ఎస్-యూయూఐడీ --సెట్=రూట్ మీ-ఈఎస్‌పీ-యూయూఐడీ
చైన్‌లోడర్ /ఈఎఫ్ఐ/మైక్రోసాఫ్ట్/బూట్/బూట్‌ఎంజీఎఫ్‌డబ్ల్యూ.ఈఎఫ్ఐ
}

మీ-ఈఎస్‌పీ-యూయూఐడీ అన్న చోట విండోస్ ఈఎస్‌పీ యూయూఐడీ పెట్టాలి. ఫ్యాట్ పార్టిషన్ కాబట్టి అది పొట్టిగా, నాలుగు అక్షరాలు, అడ్డగీత, ఇంకో నాలుగు అక్షరాలుగా ఉంటుంది. మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

బిట్‌లాకర్ వాడేవాళ్లు మాత్రం గ్రబ్ మెనూలోంచి విండోస్‌కి పోకుండా, ఫర్మ్‌వేర్ బూట్ మెనూలోంచే విండోస్ ఎంచుకోండి. గ్రబ్ మీదుగా పోతే బూట్ దారి మారిందని రికవరీ కీ అడిగే అవకాశం ఉంది.

ఇప్పటికే తప్పు చోట పడిపోయి ఉంటే

"షాపులో వేయించినానన్నా, ఎస్‌ఎస్‌డీ తీస్తే విండోస్ యాడికి పోయిందో తెలీడం లేదు" అని వచ్చేవాళ్లకు ఈ భాగం. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు, బూట్‌లోడర్‌ను ఒక్కదాన్నే మారిస్తే సరిపోతుంది. రెండు డిస్క్‌లూ పెట్టే ఉంచండి. ఇక్కడ ఎస్‌డీఏలో విండోస్, ఎస్‌డీబీలో లినక్స్ అనుకుని రాస్తున్నాను, మీ పేర్లు చూసుకుని మార్చుకోండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌లో లేచి జీపార్టెడ్‌తో ఎస్‌డీబీలోని లినక్స్ పార్టిషన్‌ను చివరి వైపు నుంచి 512 ఎంబీ తగ్గించండి. ఎప్పుడూ చివరి వైపు నుంచే. మొదటి వైపు నుంచి తగ్గిస్తే డేటా మొత్తం జరపాలి, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అంతే. ఈఎస్‌పీ డిస్క్ మొదట్లోనే ఉండాలని రూలేమీ లేదు. ఖాళీ అయిన చోట ఫ్యాట్32 పార్టిషన్ తయారుచేసి బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు పెట్టండి. డిస్క్ జీపీటీ (పార్టిషన్ల పట్టికలో కొత్త రకం) అయి ఉండాలి.

తర్వాత మీ మామూలు లినక్స్‌లోకి లేచి, "సుడో బీఎల్‌కేఐడీ" కొట్టి కొత్త పార్టిషన్ యూయూఐడీ చూసుకోండి. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో /బూట్/ఈఎఫ్ఐ ఉన్న లైన్‌లో పాత యూయూఐడీ తీసి కొత్తది పెట్టండి, మిగతా ఏమీ ముట్టుకోవద్దు. ఈ ఒక్క లైన్ మార్చకపోతే తర్వాత గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ పాత చోటికే పోతుంది. ఇక వరసగా:

సుడో అన్‌మౌంట్ /బూట్/ఈఎఫ్ఐ
సుడో మౌంట్ /బూట్/ఈఎఫ్ఐ
సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ --టార్గెట్=ఎక్స్86_64-ఈఎఫ్ఐ --ఈఎఫ్ఐ-డైరెక్టరీ=/బూట్/ఈఎఫ్ఐ --బూట్‌లోడర్-ఐడీ=ఉబుంటు
సుడో అప్‌డేట్-గ్రబ్

మొదటి లైన్‌లో కమాండ్ పేరును యూ, ఎం, ఓ, యూ, ఎన్, టీ అక్షరాలతో కొట్టాలి, మధ్యలో ఇంకో ఎన్ రాదు. బూట్‌లోడర్ ఐడీకి సొంత పేరు పెట్టుకోవాలని అనిపిస్తుంది, పెట్టకండి. ఉబుంటు సంతకం చేసిన గ్రబ్ ఫైల్ లోపల ఉబుంటు ఫోల్డర్ దారి ముందే రాసి ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి ఐడీ మారిస్తే అది తన సెట్టింగ్ ఫైల్ దొరక్క ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌తో ఎంట్రీ ఎస్‌డీబీని చూపిస్తోందని ఖాయం చేసుకుని, ఒకసారి రీస్టార్ట్ చేసి, అంతా సరిగ్గా లేచాకే విండోస్ ఈఎస్‌పీని మౌంట్ చేసి దాంట్లో మిగిలిపోయిన ఉబుంటు ఫోల్డర్‌ను తీసేయండి. పక్కనున్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ మీద చెయ్యి వేయొద్దు.

ఫర్మ్‌వేర్ మరిచిపోతుంటే

కొన్ని మదర్‌బోర్డులు డిస్క్ కేబుల్ ఒకసారి ఊడితే చాలు దాని ఎంట్రీని జాబితాలోంచి తీసేస్తాయి, తిరిగి పెట్టినా గుర్తుకు తెచ్చుకోవు. వీటికి ఒక ఉపాయం ఉంది. ఏ ఎంట్రీ లేకపోయినా యూఈఎఫ్ఐ ప్రతి డిస్క్ ఈఎస్‌పీలో ఈఎఫ్ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైల్ కోసం వెతుకుతుంది. పెన్‌డ్రైవ్‌లు బూట్ అయ్యేది ఈ దారిలోనే. పైన చెప్పిన గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌నే బూట్‌లోడర్-ఐడీ ముక్క తీసేసి చివర "--రిమూవబుల్" చేర్చి ఇంకోసారి నడిపితే ఆ చోట కూడా ఒక కాపీ పడుతుంది. ఇక ఆ ఎస్‌ఎస్‌డీని ఏ సిస్టమ్‌కి పెట్టినా, బూట్ మెనూలో డిస్క్ పేరు ఎంచుకుంటే లేచి కూర్చుంటుంది. నేనైతే ఎవరికి వేసిచ్చినా ఇది కచ్చితంగా చేస్తాను.

పాత డెస్క్‌టాప్‌లో రోజూ టైమ్ తప్పు చూపిస్తూ, బూట్ ఆర్డర్ సెట్టింగ్ నిలవకపోతే మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. నాణెం అంత ఉంటుంది, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. ముందు అది మార్చి తర్వాత గ్రబ్ సంగతి చూడండి.

సిస్టమ్ లెగసీ రకం అయితే

ఇక్కడ ఈఎస్‌పీ లేదు. డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు, అందులో 446 బైట్లలో బూట్ కోడ్ ఉంటుంది. కాబట్టి పని ఇంకా తేలిక: "సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీబీ" కొట్టి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి హార్డ్ డిస్క్‌గా పెడితే అయిపోయింది. ఎస్‌డీబీ తర్వాత 1, 2 లాంటి అంకె పెట్టొద్దు, మొత్తం డిస్క్‌కే చెప్పాలి. రెండో డిస్క్ జీపీటీ అయితే 1 ఎంబీతో బయోస్_గ్రబ్ ఫ్లాగ్ ఉన్న చిన్న పార్టిషన్ ఒకటి కావాలి, లేకపోతే గ్రబ్ కూర్చోదు.

లినక్స్ అసలు లేవనప్పుడు బాగుచేసుకోవడం

లైవ్ పెన్‌డ్రైవ్‌లో, యూఈఎఫ్ఐ మోడ్‌లోనే లేవండి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే సరైన మోడ్‌లో ఉన్నట్టు. లినక్స్ రూట్ ఎస్‌డీబీ2, ఈఎస్‌పీ ఎస్‌డీబీ1 అనుకుందాం.

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ2 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

మూడో లైన్‌నే /ప్రాక్, /సిస్, /రన్ మూడింటికీ కొట్టండి. తర్వాత "సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ". ఇప్పుడు మీరు పెన్‌డ్రైవ్‌లో లేచినా డిస్క్‌లోని లినక్స్ లోపల ఉన్నట్టే లెక్క. పైన చెప్పిన గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, ఎగ్జిట్ అని బయటికొచ్చి రీస్టార్ట్ చేయండి.

పెన్‌డ్రైవ్ చేతిలో లేక గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఇరుక్కుంటే, "ఎల్‌ఎస్" కొట్టి పార్టిషన్ల పేర్లు చూసి, "ఎల్‌ఎస్ (హెచ్‌డీ1,జీపీటీ2)/బూట్/గ్రబ్" అని ఒక్కోదాన్నీ వెతకండి. ఫైళ్లు కనపడిన చోటు దొరికాక "సెట్ రూట్=(హెచ్‌డీ1,జీపీటీ2)", "సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ1,జీపీటీ2)/బూట్/గ్రబ్", "ఇన్స్‌మాడ్ నార్మల్", "నార్మల్" అని వరసగా కొడితే మెనూ వస్తుంది. ఈ సెట్టింగ్ ఆ ఒక్కసారికే, లోపలికి పోగానే గ్రబ్-ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి "షిమ్ ఎస్‌బ్యాట్ డేటా తనిఖీ ఫెయిల్, సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన" అనే అర్థం వచ్చే ఎర్రర్‌తో లినక్స్ ఆగిపోయింది. పాత షిమ్‌లను సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా చేసిందా అప్‌డేట్. మీకు అది కనపడితే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా తీసి, లినక్స్‌లో లేచి, ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేసి కొత్త షిమ్ తెచ్చుకుని, మళ్లీ ఆన్ చేసుకోండి. సెక్యూర్ బూట్ తీసే ముందు బిట్‌లాకర్ సంగతి గుర్తుంచుకోండి.

టైమ్ తేడా

లినక్స్‌లోకి పోయి వచ్చాక విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చూస్తుంది, విండోస్ మన టైమ్‌గానే చూస్తుంది, మన తేడా 5:30. "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అని లినక్స్‌లో ఒకసారి కొడితే రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి. నెట్ సెంటర్ వాళ్లకు ఇది చాలా ముఖ్యం, టైమ్ తప్పుంటే సర్టిఫికెట్ ఎర్రర్లతో వెబ్‌సైట్లు తెరుచుకోవు.

అన్నీ అయ్యాక పరీక్ష

డెస్క్‌టాప్ అయితే షట్ డౌన్ చేసి, ప్లగ్ తీసి, హార్డ్ డిస్క్ డేటా కేబుల్ పీకి ఆన్ చేయండి, లినక్స్ లేవాలి. మళ్లీ ఆపి, అది పెట్టి, ఎస్‌ఎస్‌డీది పీకి ఆన్ చేయండి, విండోస్ లేవాలి. ల్యాప్‌టాప్ అయితే బయోస్ బూట్ మెనూలోంచి ఒక్కో ఎంట్రీని విడిగా ఎంచుకుని చూడండి, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ చూపించే గుర్తులు వేర్వేరు డిస్క్‌లవేనా అని సరిపోల్చుకోండి. రెండూ పెట్టాక ఏదైనా ఎంట్రీ జాబితాలోంచి పోయి ఉంటే బూట్ మెనూలో డిస్క్ పేరుతో లినక్స్‌లోకి పోయి, గ్రబ్-ఇన్‌స్టాల్ ఇంకోసారి కొట్టి, బూట్ ఆర్డర్ మళ్లీ పెట్టుకోండి.